కోతిపిల్ల పట్టు

అహోబిలంలో పావన నరసింహుడి గుడికి జీపులో వెళ్లివచ్చినవాళ్లకు ఆ దారి మనసులో కన్నా ఒంట్లో ఎక్కువగా గుర్తుంటుంది. నల్లమల అడవిలో రాళ్ల మీదుగా, వానలు కోసిన గండ్ల మీదుగా జీపు ఒక పక్కకు ఒరుగుతుంది, లేస్తుంది, మళ్లీ ఇంకో పక్కకు ఒరుగుతుంది. వెనక కూర్చున్న భక్తులు ఒక చేత్తో పైకమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో పూలసంచి పొదువుకుని గోవింద కొడుతుంటారు. ముందు కూర్చున్న డ్రైవరు చేతులు చూస్తే ఒక సంగతి కనబడుతుంది. అతను స్టీరింగును బిగించి పట్టడు. వేళ్లు వదులుగా ఆనించి ఉంచుతాడు, బొటనవేలిని చక్రం లోపలికి పోనివ్వడు. ముందు టైరు రాయికి తగిలితే ఆ దెబ్బ ఇనుప కడ్డీల గుండా పాకివచ్చి స్టీరింగును గిర్రున తిప్పుతుందని, వేలు లోపల ఉంటే విరుగుతుందని అడవిదారిలో బండి నడిపేవాళ్లందరికీ తెలుసు.

అదే డ్రైవరు పొద్దున బండి తీసేటప్పుడు రెండు పనులు చేస్తాడు. బానెట్ మీద కర్పూరం వెలిగించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, దణ్ణం పెట్టుకుంటాడు. గోనెపట్ట పరుచుకుని, పానా పట్టుకుని బండి కిందికి దూరతాడు. ఈ రెండు పనుల మధ్య ఒక పెద్ద ప్రశ్న ఉంది. స్వామి ఉన్నాడని నమ్మినవాడికి పానా ఎందుకు? పానాను నమ్మినవాడికి కర్పూరం ఎందుకు? భారం దేవుడి మీద వేయడం అంటే మనిషి చేయి వదిలేయడమా, ఇంకా గట్టిగా పట్టుకోవడమా?

ప్రశ్న జీపుల కన్నా చాలా పాతది. అయినా దాన్ని ఎత్తు పెంచిన జీపు కింద పడుకుని చూస్తే తెలిసినంత స్పష్టంగా మరోచోట తెలియదు.

రాళ్లదారిలో తిరిగే బండికి ఎత్తు కావాలి. పొట్ట రాళ్లకు తగలకూడదు, పెద్ద టైర్లు పట్టాలి. అందుకని పాత జీపుల కమాన్ కట్టలకు అదనంగా ప్లేట్లు కలుపుతారు, లేదా ఇరుసుకూ కమానుకూ మధ్య దిమ్మెలు వేస్తారు. దాంతో బండి పైభాగమంతా లేస్తుంది. పైభాగంతో పాటు స్టీరింగు బాక్సు కూడా లేస్తుంది, ఎందుకంటే అది ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. ముందు ఇరుసు మాత్రం టైర్లతో పాటు కిందే ఉండిపోతుంది. ఈ రెంటినీ కలిపే కడ్డీ ఒకటి ఉంది. దాన్ని డ్రాగ్ లింక్ అంటారు. స్టీరింగు బాక్సు నుంచి కిందికి వేలాడే డ్రాప్ ఆర్మ్ దాని ఒక కొసను లాగుతుంది, రెండో కొస చక్రాన్ని తిప్పుతుంది. ఇన్నాళ్లూ దాదాపు అడ్డంగా పడుకుని ఉన్న ఆ కడ్డీ, బండి లేచిన రోజు నుంచి ఏటవాలుగా నిలబడుతుంది.

చూసేవాళ్లకు పెద్ద మార్పుగా అనిపించదు. లెక్క వేస్తే తెలుస్తుంది. కడ్డీ పొడవు 60 సెంటీమీటర్లు అనుకుందాం. అది అడ్డంగా ఉన్నప్పుడు చక్రం 5 సెంటీమీటర్లు పైకి లేచినా కడ్డీ కొస పక్కకు జరిగేది 2 మిల్లీమీటర్లే. బండిని 10 సెంటీమీటర్లు ఎత్తాక అదే చక్రం 5 సెంటీమీటర్ల గుంతలో దిగితే కొస పక్కకు దాదాపు 11 మిల్లీమీటర్లు జరుగుతుంది. చక్రాన్ని తిప్పే చేయి పొడవు 15 సెంటీమీటర్లైతే, ఆ 11 మిల్లీమీటర్లకు ముందు చక్రాలు నాలుగు డిగ్రీలు తిరుగుతాయి. డ్రైవరు స్టీరింగును కదపలేదు. చేతులు ఉన్నచోటే ఉన్నాయి. అయినా బండి తిరిగింది. తిప్పింది గుంత.

మెకానిక్‌లు దీన్ని బంప్ స్టీర్ అంటారు. నడిపేవాడి చేతిలో స్టీరింగు ఉంటుంది, నడక మాత్రం దారి చేతిలోకి పోతుంది. అడవిలో నిమ్మళంగా పోతున్నప్పుడు ఇది చేతులు నొప్పెట్టే ఇబ్బందిగానే ఉంటుంది. ఆ బండే ఆళ్లగడ్డ రోడ్డెక్కి వేగం అందుకున్నాక ఒక గుంతలో దిగితే, నాలుగు డిగ్రీలు చాలు ఎదురుగా వచ్చే లారీ కిందికి పోవడానికి.

కఠోపనిషత్తులో యముడు నచికేతుడికి చెప్పిన రథం ఇక్కడ గుర్తుకు రావాలి. శరీరం రథం, అందులో కూర్చున్నది ఆత్మ, బుద్ధి సారథి, మనసు పగ్గాలు, ఇంద్రియాలు గుర్రాలు, విషయాలు ఆ గుర్రాలు పరుగెత్తే దారులు. ఈ పోలికను విన్నప్పుడు అందరి దృష్టీ సారథి మీదికి, గుర్రాల మీదికి పోతుంది. సారథి మంచివాడా, గుర్రాలు లొంగినవా అనే అడుగుతారు. పగ్గాల గురించి అడిగేవాళ్లు తక్కువ. కాని సారథి తెలివి గుర్రం దాకా చేరేది ఆ పగ్గాల గుండానే. అవి తెగనక్కర్లేదు, వాటి వాలు మారితే చాలు. అప్పుడు సారథి మేలుకునే ఉంటాడు, పగ్గాలు చేతిలోనే ఉంటాయి, రథాన్ని మాత్రం దారి నడుపుతుంటుంది. మనిషి జీవితంలో ఇది రోజూ జరిగేదే. ఉద్యోగం పెరుగుతుంది, ఆస్తి పెరుగుతుంది, పదవి వస్తుంది. ఎత్తు పెరిగినందుకు సంతోషిస్తాడు గాని, పాత ఎత్తుకు సరిపోయేలా కుదిరిన మనసును కొత్త ఎత్తుకు సరిచేసుకోవాలన్న సంగతి తోచదు. మునుపు నవ్వి ఊరుకున్న మాటకు ఇప్పుడు కోపం వస్తుంది. నేను కోప్పడలేదు, వాళ్లు రెచ్చగొట్టారు అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. తిప్పింది నిజంగా గుంతే. అయితే ఆ వాలు పెట్టింది ఎవరు?

జీపు విషయంలో జవాబు తేలిక. బండిని ఎత్తినవాడే ఆ వాలు పెట్టాడు. నడిపేటప్పుడు జరిగిన తప్పుకు బీజం షెడ్డులో పడింది. సరిచేసే దారులూ షెడ్డులోనే ఉన్నాయి. ఇంకొంచెం కిందికి వేలాడే డ్రాప్ ఆర్మ్ వేస్తారు, లేదా కడ్డీ రెండో కొసను చక్రం దగ్గర పైకి తెచ్చి బిగిస్తారు. రెండూ చేసేది ఒకటే, ఏటవాలైన కడ్డీని మళ్లీ అడ్డంగా పడుకోబెట్టడం. డ్రాప్ ఆర్మ్ పొడవు పెరిగితే స్టీరింగు బాక్సు మీద భారమూ పెరుగుతుంది కాబట్టి ఆ బాక్సునూ, దాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులనూ చూసుకోవాలి. ఒకటి మారిస్తే దానికి ఆనుకున్న ఇంకొకటి మారుతుంది. చేయకూడని పని ఒకటుంది. కడ్డీకి గ్యాస్ మంట పెట్టి కావలసినట్టు వంచడం, కోసి మధ్యలో వెల్డింగ్ పెట్టడం. కొలిమిలో సాగగొట్టి, పదును పెట్టిన ఉక్కు అది. మళ్లీ మంట తగిలితే దాని పదును పోతుంది. పైకి చక్కగా కనబడుతుంది, రంగు వేస్తే కొత్తదానిలా మెరుస్తుంది, ఒకరోజు లోయ అంచున విరుగుతుంది.

‘స్వామి చూసుకుంటాడులే’ అనే మాట వినిపించేది సరిగ్గా ఇక్కడే. ఆ మాటను తేలిగ్గా తీసిపారేయడం తగదు, దాని వెనక పెద్ద తత్వచర్చ ఉంది. ఆ చర్చకు అహోబిలం సొంత ఊరి లాంటిది.

2022 ఏప్రిల్ దాకా కర్నూలు జిల్లాలో ఉండి, ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చిన ఈ క్షేత్రంలో 14వ శతాబ్దం చివర అహోబిల మఠం వెలిసింది. ఆదివణ్ శఠగోప యతి తొలి జీయరు. కడప సీమలో రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమయ్య ఆయన దగ్గరే వేదాంతం చదువుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. శ్రీవైష్ణవంలో ఈ మఠం వడగలై శాఖకు చెందింది. వడగలై, తెంగలై శాఖల మధ్య వాదాల్లో ఒకటి మన జీపు డ్రైవరు ప్రశ్నే. జీవుడు దేవుణ్ని చేరడంలో జీవుడి వంతు ఎంత? తెంగలై వాళ్లు పిల్లికూన పోలిక చెబుతారు. తల్లిపిల్లి కూనను నోట కరుచుకుని తీసుకుపోతుంది, కూన చేసేదేమీ లేదు. వడగలై వాళ్ల పోలిక కోతిపిల్ల. తల్లికోతి కొమ్మ నుంచి కొమ్మకు దూకుతుంది, పొట్టకు కరుచుకుని ఉండాల్సింది పిల్లే. మర్కట న్యాయం అని దానికి పేరు. ఎగువ అహోబిలం మెట్ల మీద కాసేపు కూర్చుంటే ఆ న్యాయం కళ్ల ముందే కనబడుతుంది. తల్లి దూకినంత దూరం పిల్ల సొంతంగా దూకలేదు. మోసేది తల్లే. కాని పిల్ల వేళ్లు మాత్రం తల్లి బొచ్చులో బిగిసి ఉంటాయి.

ఈ శాఖకు మూలపురుషుడైన వేదాంత దేశికులు ఆ పట్టుకు పెద్ద విలువ కట్టలేదు. దేవుడి దయకు మనిషి ప్రయత్నం వెల కాదని, అది ఒక వ్యాజం మాత్రమేనని, అంటే దయ ప్రసరించడానికి ఒక సాకు మాత్రమేనని అన్నారు. ఇది చాలా సున్నితమైన మాట. పానాతో బోల్టు బిగించినవాడు తన రక్షణను తానే కొనుక్కోలేదు. అయినా బిగించాలి. పట్టు వదిలేసిన పిల్లను మోయడానికి తల్లికి చోటేది?

శరణాగతికి ఆరు అంగాలు చెబుతారు. దేవుడికి అనుకూలంగా ఉండాలన్న సంకల్పం మొదటిది. ప్రతికూలమైనదాన్ని విడిచిపెట్టడం రెండోది. ఆయన కాపాడతాడన్న విశ్వాసం మూడోది. కాపాడమని వేడుకోవడం, తనను తాను అప్పగించుకోవడం, తనకు వేరే దిక్కులేదన్న దైన్యం తక్కిన మూడు. ‘స్వామి చూసుకుంటాడులే’ అనేవాడు మూడో అంగాన్ని ఎత్తి చూపిస్తాడు. అతనికి విశ్వాసం నిజంగానే ఉండవచ్చు. కాని రెండోది ఏమైంది? వెల్డింగ్ పెట్టిన కడ్డీతో పదిమంది భక్తులను కొండకు ఎక్కించడం ప్రతికూలం కాకపోతే ఇంకేది ప్రతికూలం? వాళ్లలో ఎవరూ బండి కిందికి వంగి చూసి ఎక్కలేదు. వాళ్లు తమను తాము అప్పగించుకున్నది దేవుడికి ఒక్కడికే కాదు, డ్రైవరుకు కూడా.

దీనికి బలమైన అడ్డుమాట ఒకటుంది. ప్రహ్లాదుడు ఏ పానా పట్టాడు? కొండ మీంచి తోశారు, ఏనుగులతో తొక్కించారు, విషం పెట్టారు. ఆ పిల్లవాడు చేయి అడ్డం పెట్టలేదు. నమ్మకం ఒక్కటే కాపాడింది. ఆ కథ జరిగిన నేలమీద నిలబడి బోల్టుల సంగతి మాట్లాడటం అపచారం కాదా?

కథను మళ్లీ చూడాలి. ప్రహ్లాదుడు కొండ మీంచి దూకలేదు, అతన్ని తోశారు. ఏనుగు కాళ్ల కింద తనంతట తాను పడుకోలేదు. దేవుడు కాపాడతాడో లేదో చూద్దామని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ పరీక్షలన్నీ పెట్టింది హిరణ్యకశిపుడు. ఈ స్తంభంలో ఉన్నాడా అని అడిగిందీ, దాన్ని కొట్టిందీ అతనే. ఆ స్తంభమే అహోబిలం కొండ మీద చీలి నిలబడిన ఉగ్రస్తంభమని భక్తుల నమ్మకం. ఊగులాడే స్టీరింగుతో ఘాటు ఎక్కి, స్వామి ఉంటే కాపాడతాడు అనేవాడు తనను ప్రహ్లాదుడి పక్కన నిలబెట్టుకుంటున్నాననుకుంటాడు. నిజానికి అతను నిలబడ్డది స్తంభానికి ఎదురుగా, గద పట్టుకున్న చోట.

కథలో రెండో వైపు కూడా ఉంది. అది పానా మీద మితిమీరిన నమ్మకం ఉన్నవాళ్లకు. హిరణ్యకశిపుడు అడిగిన వరాన్ని ఒక మెకానిక్ కళ్లతో చూస్తే అది రక్షణ ఏర్పాట్ల పట్టీ. మనిషి వల్ల చావు ఉండకూడదు, మృగం వల్ల ఉండకూడదు. ఇంట్లో వద్దు, బయట వద్దు. పగలు వద్దు, రాత్రి వద్దు. నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు. ఏ ఆయుధంతోనూ వద్దు. ప్రతి సందూ మూశాననుకున్నాడు. స్వామి వచ్చింది సందుల్లోంచే. పగలుకూ రాత్రికీ నడుమ సంధ్యవేళలో, ఇంటికీ బయటికీ నడుమ గడప మీద, మనిషికీ మృగానికీ నడుమ రూపంలో. అతను కట్టిన గోడల్లో ఏదీ కూలలేదు. రెండు గోడలు కలిసే చోటు మాత్రం తెరుచుకుంది.

సంధి అంటే కీలు. జీపు స్టీరింగంతా కీళ్ల మీదే బతుకుతుంది. డ్రాగ్ లింక్ రెండు కొసల్లోనూ, ముందు చక్రాలు రెంటినీ కలిపే టై రాడ్ రెండు కొసల్లోనూ బాల్ జాయింట్లు ఉంటాయి. గిన్నెలో ఒక ఉక్కు గుండు, మధ్యలో గ్రీజు, పైన రబ్బరు తొడుగు. ఆ గుండు అన్ని వైపులా కదలాలి, కాని గిన్నెలోంచి ఊడకూడదు. మరీ బిగిస్తే స్టీరింగు తిరగదు, అరిగితే చక్రం తన ఇష్టం వచ్చినట్టు ఊగుతుంది. కింద కోట బురుజు పళ్లలా గాళ్లు ఉన్న నట్టు ఉంటుంది. ఆ గాళ్లలోంచి ఒక స్ప్లిట్ పిన్ దూర్చి, రెండు కాళ్లూ చెరో పక్కకు మడుస్తారు. చిల్లర డబ్బులకు దొరికే తీగముక్క అది. ఎద్దులబండి రోజుల్లో ఇరుసు కొసన కడచీల చేసిన పనే ఇప్పుడు ఇది చేస్తుంది. దశరథుడి రథానికి చీల ఊడిపోతే కైక తన వేలు అడ్డం పెట్టిందని మన పల్లెల్లో చెప్పుకునే కథ ఈ చిన్న వస్తువు గొప్పతనం ఎరిగినవాళ్లు చెప్పిందే. ఎంత ఖరీదైన కడ్డీ వేసినా కీలు లేకుండా చేయలేరు, కీలు ఉన్నచోట అరుగుదల తప్పదు. అందుకే మంచి మెకానిక్ బండిని అప్పగిస్తూ ఇక భయం లేదు అనడు, మళ్లీ ఎప్పుడు తెచ్చి చూపించాలో చెబుతాడు. దసరాకు నంద్యాలలో, ప్రొద్దుటూరులో షెడ్లు మూసి, పానాలకూ జాకీలకూ కుంకుమబొట్లు పెట్టి ఆయుధపూజ చేసేటప్పుడు ఆ చేతులు ఒప్పుకునేది కూడా ఇదే, పనిముట్టు తమదే గాని ఫలితం అంతా తమ చేతిలోది కాదని.

భగవద్గీత 18వ అధ్యాయం ఈ రెండు వైపులనూ ఒకే లెక్కలో చేర్చింది. ఏ పని జరగడానికైనా అయిదు కారణాలు అంటుంది. పనికి ఆధారమైన శరీరం, చేసేవాడు, రకరకాల పనిముట్లు, వేర్వేరు కదలికలు, అయిదోది దైవం. దైవాన్ని వదిలేసి నాలుగే లెక్కపెడితే అహంకారం. అయిదోదాన్ని ముందుకు లాగి తక్కిన నాలుగూ దాని మీద పడేస్తే సోమరితనం. ఈ మాటలు చెప్పినవాడు చెబుతున్నప్పుడు ఒక రథం ముందుభాగంలో కూర్చుని, చేత పగ్గాలు పట్టుకుని ఉన్నాడు.

ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలకు స్వామి తేరెక్కుతాడు. తేరుకు స్టీరింగు ఉండదు. మోకులు పట్టి లాగే వందలమంది దాన్ని ముందుకు నడుపుతారు గాని, పక్కకు తిప్పలేరు. దాన్ని మలుపు తిప్పేది, వాలులో ఆపేది చక్రాల పక్కనే వంగి నడిచే కొద్దిమంది. వాళ్ల చేతుల్లో చెక్క దిమ్మెలు ఉంటాయి. ఏ క్షణాన ఏ చక్రం కింద ఏ దిమ్మె వేయాలో వాళ్లకు తెలుసు. చక్రం ఆ దిమ్మె ఎక్కి, జారి, జానెడు పక్కకు మళ్లుతుంది. పైన కూర్చున్నవాడు లోకాలను నడిపేవాడని వాళ్లకు తెలియక కాదు. తెలిసే, ఒళ్లంతా కళ్లు చేసుకుని, అంత భారం పక్కన చేయి పెడుతున్నారు. ఆ వీధిలో అంతకన్నా పెద్ద భక్తి ఎవరిదో చెప్పడం కష్టం.

ఈ చర్చకు చట్టం వైపు నుంచి కూడా ఒక గడప ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్ణయించిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పెట్టింది. కాబట్టి ఎత్తిన బండి కడ్డీని సరిచేయడం కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అసలు ఎత్తాలా?

ఆ ప్రశ్నకు కడప జిల్లాలో ఒక చిన్న పక్షి సాక్షి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న కలివికోడి 1986లో సిద్ధవటం వైపు తుప్పల్లో మళ్లీ దొరికింది. లంకమల చుట్టుపక్కల పలుచని ముళ్లపొదలు, వాటి నడుమ ఖాళీనేల, అదే దాని ఇల్లు. రాత్రిపూట నేల మీద తిరిగే పిట్ట. మామూలు కారు ఆగిపోయే చోట ఎత్తు పెంచిన బండి ఆగదు. అది ఆగని చోటు ఇంకొకరి ఇల్లు కావచ్చు. శరణాగతిలో మొదటి అంగమైన ఆనుకూల్యానికి పెద్దలు చెప్పిన అర్థం సకల భూతాలకూ అనుకూలంగా ఉండటం, ఎందుకంటే అన్నిటిలోనూ ఉన్నది ఆయనే. పగ్గాలు సరిగా ఉంటే గుర్రాన్ని తిప్పవచ్చు. దాన్ని ఆపి, వెనక్కి మళ్లించాల్సిన చోటు కూడా ఆ పగ్గాలకే తెలియాలి.

పావన నరసింహుడి దర్శనం అయ్యాక జనం తిరిగివచ్చి జీపులు ఎక్కుతారు. దిగేదారి ఎక్కేదారి కన్నా కష్టం, బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. అందరూ సర్దుకుని కూర్చునేలోగా డ్రైవరు తువ్వాలు నేల మీద పరిచి, పక్కకు ఒరిగి, ముందు చక్రం వెనక చేయి పెడతాడు. కడ్డీ కొసను పట్టుకుని అటూఇటూ ఊపి చూస్తాడు. వేలికొసతో తడిమి స్ప్లిట్ పిన్ రెండు కాళ్లూ మడిచే ఉన్నాయో లేదో చూసుకుంటాడు. లేచి, గ్రీజు అంటిన చేతిని తువ్వాలుకు తుడుచుకుని, గుడివైపు తిరిగి అదే చేతిని నుదుటికి తాకించుకుంటాడు. పైన చెట్టు మీద తల్లికోతి ఒకటి అవతలి కొమ్మను చూసుకుంటోంది. దాని పొట్ట కింద నాలుగు చిన్న చేతులూకాళ్లూ బిగుసుకుంటున్నాయి.